ఆకురాలే కాలంలో ట్రెక్: బ్యాగు తేలిక కావాలంటే ముందు రాత్రి సంగతి చూడండి

తేలిగ్గా సర్దుకోవడం ఎలా అని ఎవరిని అడిగినా మొదట చెప్పేది టూత్‌బ్రష్ పిడి విరిచేయమని. నేను విరవను. విరిస్తే తగ్గేది ఐదారు గ్రాములు. "ఎందుకైనా మంచిది" అని బ్యాగులో పడేసిన జీన్స్ ప్యాంటు ఒక్కటి తీసేస్తే ఆరేడు వందల గ్రాములు పోతాయి. బరువు ఎక్కడుందో అక్కడే వెతకాలి.

నేను ఐదడుగుల ఒక అంగుళం ఎత్తు, 52 కిలోల బరువు. పైగా చలికి తట్టుకోలేని ఒళ్ళు. మోసే బరువు మన ఒంటి బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోమని నడిచేవాళ్ళు చెబుతుంటారు. అంటే తిండి, నీళ్ళు అన్నీ కలిపి నాకు పది కిలోల చిల్లరే. నాకంటే పాతిక కిలోలు ఎక్కువున్న మా తమ్ముడు పదిహేను కిలోలు వేసుకుని ఈల వేస్తూ నడుస్తాడు. నా వల్ల కాదు. అలాగని చలికి ముడుచుకుని తెల్లవార్లూ మేలుకుని ఉండడమూ నా వల్ల కాదు. కాబట్టి తేలికగానూ ఉండాలి, వెచ్చగానూ ఉండాలి. ఎండాకాలంలో ఈ రెండూ ఇట్టే కుదురుతాయి. ఆకులు రాలే నెలల్లో మాత్రం కాస్త బుర్ర పెట్టాలి.

నా పద్ధతి ఇది: పగటికి కావలసినవి ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించి, మిగిలిన బరువంతా రాత్రికి ఇస్తాను. నడుస్తున్నంతసేపూ ఒంటికి వేడి ఉంటుంది, పలుచని చొక్కాతో గడిచిపోతుంది. నడక ఆపాకే అసలు సంగతి. సెప్టెంబర్ 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ సమానం. ఉత్తరార్ధగోళంలో అక్కడి నుంచి రాత్రి పెరుగుతూ పోతుంది. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ చివర్లో రాత్రి ఎనిమిదిన్నర గంటలకు మించదు. అదే చోట నవంబర్ మొదటి వారానికి దాదాపు 14 గంటలు. అంటే రోజులో సగం కంటే ఎక్కువ సేపు మీరు చీకట్లో, కదలకుండా ఉంటారు. బ్యాగు సర్దేటప్పుడు గుర్తుండాల్సింది ఈ లెక్క.

ముందు త్రాసు

వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు చాలు. తీసుకెళ్దామనుకున్న ప్రతి వస్తువునూ తూచి పుస్తకంలో రాసుకోండి. కంపెనీ వాళ్ళు రాసిన బరువును నమ్మకండి. టెంట్ బరువులో మేకులు, తాళ్ళు, సంచి కలపకుండా రాసేవాళ్ళు చాలామంది.

తిండి, నీళ్ళు, గ్యాస్ తప్ప బ్యాగులో ఉండే మిగతా వాటన్నిటి బరువునూ బేస్ వెయిట్ అంటారు. తిండీ నీళ్ళూ రోజురోజుకూ తగ్గుతాయి, ఇది తగ్గదు. అందుకే దీన్ని విడిగా లెక్కేస్తారు. బేస్ వెయిట్ తొమ్మిది కిలోల లోపుంటే తేలికైన బ్యాగు కింద లెక్క. నాలుగున్నర కిలోల లోపుంటే అల్ట్రాలైట్. ఆకురాలే కాలంలో ఆ నాలుగున్నర కోసం ఎగబడొద్దని నా సలహా. నాది ఆరు కిలోల దగ్గర ఆగుతుంది, నాకది చాలు.

ఆ ఆరులో సగానికి పైగా టెంట్, పడక, బ్యాగుకే పోతుంది. వాటి సంగతి తేల్చకుండా చెంచా టైటానియందా అల్యూమినియందా అని వాదించుకోవడం కాలక్షేపం.

ఎంత చలి ఉంటుందో ముందే లెక్కేసుకోండి

"చలిగా ఉంటుందిలే" అని సర్దుకుంటే కచ్చితంగా ఎక్కువ సర్దుతారు. అంకె కావాలి. వాతావరణ సూచన మామూలుగా దగ్గర్లోని ఊరికి చెబుతారు, మీరు పడుకునేది కొండ మీద. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊరు 800 మీటర్ల ఎత్తులో ఉండి, అక్కడ రాత్రి కనిష్ఠం 8 డిగ్రీలు అన్నారనుకోండి. మీ మకాం 2000 మీటర్ల దగ్గరైతే దాదాపు ఎనిమిది డిగ్రీలు తీసేయాలి. అంటే సున్నా.

ఇక్కడితో ఆగకూడదు. మబ్బు లేని రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోతుంది. చల్లగాలి బరువైనది కాబట్టి జారి లోయ అడుగుకు చేరుతుంది. వాగు పక్కన పచ్చిక చూడ్డానికి బాగుంటుంది, కానీ అక్కడే మంచు ముందు పడుతుంది. వాగుకు కాస్త పైన, చెట్ల కింద చదునైన చోటుంటే చలీ తక్కువ, టెంట్ లోపల చెమ్మా తక్కువ. చెట్టు కిందకు చేరే ముందు తలెత్తి పైకి చూడండి. ఎండిన కొమ్మలుంటే అక్కడ వద్దు. మంచి చోటు చూసుకోవడం బరువు లేని దుప్పటి అనుకోండి. అయినా సరే, లెక్కలో మరో నాలుగు డిగ్రీలు తగ్గించుకుని మైనస్ 4కి సర్దుకుంటాను.

పడక: ఇక్కడ పిసినారితనం వద్దు

స్లీపింగ్ బ్యాగ్ మీద మూడు అంకెలుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ప్రకారం మనిషి ఆకారపు బొమ్మకు పొడుగు లోదుస్తులు తొడిగి, మ్యాట్ మీద పడుకోబెట్టి కొలుస్తారు. కంఫర్ట్ అంటే సగటు ఆడమనిషి చలి లేకుండా మామూలుగా పడుకోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు మగమనిషి ముడుచుకుని పడుకుంటే వణుకు రాకుండా గడిచేది. ఎక్స్‌ట్రీమ్ అంకెను అసలు చూడకండి, అది ప్రాణం నిలుస్తుందా లేదా అన్న లెక్క, నిద్ర లెక్క కాదు. చిక్కేమిటంటే పేరులో పెద్దక్షరాలతో వేసే అంకె చాలాసార్లు లిమిట్‌ది. "మైనస్ 5 బ్యాగ్" అని రాసి ఉన్నదాని కంఫర్ట్ సున్నా దగ్గర ఉండొచ్చు. నాలా చలి ఎక్కువున్నవాళ్ళు ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా కంఫర్ట్ అంకె చూసే కొనాలి.

లోపల నింపేది డౌనా, సింథటిక్‌నా? బరువు తగ్గాలంటే డౌనే, అంటే బాతు ఈకల కింద ఉండే నూగు. ఫిల్ పవర్ అనే అంకె, ఒక ఔన్సు డౌన్ ఎన్ని ఘనపు అంగుళాల మేర ఉబ్బుతుందో చెబుతుంది. 650 కంటే 850 ఉన్నది అదే వెచ్చదనాన్ని తక్కువ బరువుతో ఇస్తుంది. నాది 850, కంఫర్ట్ మైనస్ 4, బరువు 950 గ్రాములు. డౌన్‌కు శత్రువు తడి. తడిస్తే ఉబ్బు పోతుంది, ఉబ్బు పోతే వెచ్చదనం పోతుంది. అందుకే ముఖం బ్యాగులోకి దూర్చి ఊపిరి వదలకండి. రాత్రంతా మన ఊపిరిలోని ఆవిరి ఆ నూగులోకే చేరుతుంది. ముక్కు, నోరు బయట పెట్టి, తలకు ఉన్ని టోపీ వేసుకోండి. మధ్యాహ్నం ఎండ కనబడితే తిండికి ఆగినప్పుడు పది నిమిషాలు స్లీపింగ్ బ్యాగ్‌ను బండ మీద పరచండి. రెండు మూడు రాత్రుల ట్రెక్‌లో ఆ పది నిమిషాలు చాలా పని చేస్తాయి. రోజుల తరబడి వాన పడే చోటికి వెళ్తుంటే మాత్రం కాస్త బరువైనా సింథటిక్‌దే నయం.

ఇక మ్యాట్. నన్ను అడిగితే స్లీపింగ్ బ్యాగ్ కంటే ముందు దీనికి డబ్బు పెట్టండి. ఒంటి బరువు కింద పడి నలిగిన డౌన్‌లో గాలి ఉండదు, కాబట్టి వీపు వైపు అది పనిచేయదు. నేల చలిని ఆపేది మ్యాట్ ఒక్కటే. ఎంత ఆపుతుందో చెప్పేది ఆర్-వాల్యూ. ఇప్పుడు చాలా కంపెనీలు ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఒకే పద్ధతిలో కొలుస్తున్నాయి కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. ఎండాకాలానికి 2 చాలు. ఆకురాలే కాలానికి 4కి తగ్గొద్దు.

ఆర్-వాల్యూలో మంచి గుణం ఒకటుంది: ఒకదాని మీద ఒకటి వేస్తే రెండు అంకెలూ కూడుకోవచ్చు. ఇంట్లో 2.5 ఉన్న గాలి మ్యాట్ ఉంటే దాని కింద 2 ఉన్న మడత ఫోమ్ మ్యాట్ వేయండి, 4.5 అవుతుంది. కొత్తది కొననక్కర్లేదు. బరువు నాలుగు వందల గ్రాములు పెరుగుతుంది కానీ గాలి మ్యాట్‌కు చిల్లు పడినా నేల మీద పడుకునే గతి పట్టదు. నేను 4 దాటిన గాలి మ్యాట్ ఒక్కటే తీసుకెళ్తాను, 450 గ్రాములు. దానికి తోడు ఇంటి వస్తువుల ప్యాకింగ్‌లో వచ్చిన పలుచని ఫోమ్ ముక్క ఒకటి. పగలు తడి బండ మీద కూర్చోవడానికి, రాత్రి నడుం కింద వేసుకోవడానికి పనికొస్తుంది.

పడుకునే ముందు వేడినీళ్ళ సీసా కాళ్ళ దగ్గర పెట్టుకుంటే ఆ సుఖమే వేరు. మరుగునీళ్ళు తట్టుకునే గట్టి ప్లాస్టిక్ సీసా అయితేనే. కూల్‌డ్రింక్ సీసా ముడుచుకుపోతుంది. మూత బిగించాక తలకిందులు చేసి చూడండి, ఆ తర్వాత సాక్సులో దూర్చి లోపల పెట్టుకోండి.

టెంట్

ఒక్కరికైతే మేకులతో సహా కిలో లోపు టెంట్‌లు దొరుకుతున్నాయి. చేతికర్రలతో నిలబెట్టే రకమైతే విడిగా కడ్డీల బరువు ఉండదు. నాది అదే, 950 గ్రాములు. పైన ఒక్క టార్ప్, అంటే నీళ్ళు దిగని పలుచని గుడ్డ, కట్టుకుంటే ఇంకా తేలిక. కానీ గాలితో కలిసి వాన అడ్డంగా కొట్టే కాలంలో నాకు చుట్టూ గోడ ఉంటేనే నిద్ర పడుతుంది. నైలాన్ టెంట్ తడిస్తే సాగుతుంది కాబట్టి పడుకునే ముందు ఒకసారి బయటికొచ్చి తాళ్ళు బిగించండి. పొద్దున్నే లోపలి గోడకు నీటి బొట్లో మంచు పొరో పట్టి ఉంటుంది. తుడవడానికి అరచేయంత గుడ్డ ముక్క చాలు. గుడారం తలుపు మొత్తం మూసేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటారు గానీ చెమ్మ పెరుగుతుంది. పైన గాలి పోయే సందు వదలండి.

బట్టలు: నడిచేవి, పడుకునేవి

బ్యాగులు అనవసరంగా లావెక్కేది ఇక్కడే. నా లెక్క ప్రకారం బట్టలు రెండు జతలే. ఒకటి ఒంటి మీదది, అది తడుస్తుంది, మాస్తుంది, మళ్ళీ అదే వేసుకుంటాం. రెండోది పొడిగా ఉంచే రాత్రి జత. దాన్ని ఏం జరిగినా పగలు తీయను. పొద్దున్నే తడి చొక్కా వేసుకోవడం ఘోరంగానే ఉంటుంది. పది నిమిషాలు నడిస్తే ఆ బాధ పోతుంది. పొడి జత తడిస్తే మాత్రం రాత్రంతా పోతుంది.

కాటన్ వద్దు. ఇది అందరూ చెప్పే మాటే. కారణం ఏమిటంటే కాటన్ నీళ్ళు పీల్చుకుని ఆరదు, నీరు గాలి కంటే పాతిక రెట్ల వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడడానికి మంచే కురవక్కర్లేదు. 5 డిగ్రీల దగ్గర వాన, గాలి, చెమటతో తడిసిన కాటన్ చొక్కా, ఈ మూడూ కలిస్తే చాలు. సరిగ్గా ఆకురాలే కాలపు వాతావరణమే అది.

ఒంటి మీద పలుచని మెరినో ఉన్నిదో పాలిస్టర్‌దో పొడుగు చేతుల చొక్కా. మెరినో వాసన పట్టదు, పాలిస్టర్ త్వరగా ఆరుతుంది. దాని మీదకు పలుచని ఫ్లీస్, 280 గ్రాములు. ఇది నడుస్తున్నప్పుడు వేసుకునే చలికోటు. చెమటను లోపల ఆపదు, తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. డౌన్ జాకెట్ వేసుకుని నడవకండి. చెమటకు దాని ఉబ్బు పోతుంది. అది ఆగినప్పుడు వేసుకునేది. టోపీ ఉన్నది తీసుకోండి, నాది 350 గ్రాములు. కొత్తగా వెళ్ళేవాళ్ళలో చాలామంది వెచ్చగా బయల్దేరి అరగంటలో తడిసి ముద్దవుతారు. బయల్దేరేటప్పుడు కాస్త చలి వేస్తుండాలి. అలా ఉందంటే సరిగ్గా వేసుకున్నట్టు.

వాన బట్టల్లో జాకెట్ సంగతి అందరికీ తెలుసు. ప్యాంటు దగ్గరే "అక్కర్లేదులే" అంటారు. ఎండాకాలంలో నేనూ తీసుకెళ్ళను. ఈ కాలంలో మాత్రం 180 గ్రాముల ఆ ప్యాంటు గాలినీ ఆపుతుంది, పొద్దున తడి గడ్డిలో నడుస్తుంటే మోకాళ్ళ దాకా కాపాడుతుంది, రాత్రి టెంట్ బయట కూర్చోవడానికీ పనికొస్తుంది. మూడు పనులు చేసే వస్తువు బరువు గురించి నేను మాట్లాడను.

చేతులకు పలుచని ఉన్ని గ్లౌజులు, వాటి మీదకు నీళ్ళు దిగని తొడుగు. వేళ్ళు కొంకర్లు పోతే టెంట్ జిప్పు కూడా తీయలేరు. సాక్సులు రెండు నడకకు, ఒకటి మందంగా, వదులుగా నిద్రకు. బిగుతు సాక్సుతో పడుకుంటే కాళ్ళు ఇంకా చల్లబడతాయి. రెండు పలుచని ప్లాస్టిక్ సంచులు కూడా పెట్టుకోండి. సాయంత్రం పొడి సాక్సు వేసుకుని, దాని మీద ఆ సంచి తొడిగి, తడి షూలో కాలు పెడితే పాదం పొడిగానే ఉంటుంది. మకాం దగ్గర వేసుకోవడానికి వేరే చెప్పులు మోయాల్సిన పని లేదు. షూ లేసులు రాత్రే పూర్తిగా వదులు చేసి పెట్టండి. తడి షూ గడ్డకట్టాక నాలుక పైకి లాగాలంటే చుక్కలు కనిపిస్తాయి.

వేట అనుమతి ఉన్న అడవుల్లో ఈ నెలలే వేట కాలం కూడా. ముదురు నారింజ రంగు టోపీయో, బ్యాగు మీద కప్పే పలుచని గుడ్డో ఉండాలి. నేను ఉన్ని టోపీయే ఆ రంగుది కొన్నాను, బరువు పెరగలేదు.

గ్యాస్, నీళ్ళు

క్యానిస్టర్, అంటే స్టవ్‌కు తగిలించే చిన్న గ్యాస్ డబ్బా, దాని మీద ఏ గ్యాస్ అని రాసి ఉందో చదవండి. మామూలు బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గర మరుగుతుంది. అంటే అంతకంటే చల్లబడితే అది ద్రవంగానే ఉండిపోతుంది, స్టవ్ వెలగదు. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. చలికి ఈ చివరి రెండూ కలిపినదే కొనండి. ఇంకో కిటుకు తెలిసి ఉండాలి: ప్రొపేన్ ముందు ఖర్చయిపోతుంది. అందుకే సగం వాడిన క్యానిస్టర్ ఇంట్లో బాగా వెలిగి, కొండ మీద పొద్దున మొండికేస్తుంది. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ళ దగ్గర పెట్టుకోండి. వాడేటప్పుడు మూతలాంటి దానిలో అంగుళం నీళ్ళు పోసి అందులో నిలబెట్టండి. మామూలు నీళ్ళయినా సరే, గడ్డకట్టని నీరు చల్లబడుతున్న క్యానిస్టర్ కంటే వెచ్చనే. మంట దగ్గర పెట్టి వేడి చేయడం, చుట్టూ రేకు కట్టి గాలి ఆడకుండా చేయడం ప్రాణాల మీదకు తెస్తుంది. మూసిన టెంట్‌లో స్టవ్ వెలిగించడం కూడా అంతే.

లీటరు నీళ్ళు మరగడానికి గాలి లేకపోతే 12 నుంచి 15 గ్రాముల గ్యాస్, చలీ గాలీ ఉంటే 20 దాకా పడుతుంది. ఈ కాలంలో వేడినీళ్ళ సీసాతో కలిపి రోజుకు రెండు లీటర్లు కాస్తాను కాబట్టి 40 గ్రాములు. రెండు రాత్రులకు 100 గ్రాముల చిన్న క్యానిస్టర్, అంతకు మించితే 230ది. సగం వాడినవి ఇంట్లో మూడు నాలుగు పోగవుతాయి కదా, వాటిని తూచి, మిగిలిన గ్యాస్ ఎంతో మార్కర్‌తో అడుగున రాసిపెట్టుకోండి.

వాటర్ ఫిల్టర్ గురించి ఒక్క మాట, కానీ ముఖ్యమైన మాట. నీళ్ళ సంచిని చేత్తో నొక్కి వాడే గొట్టపు ఫిల్టర్లలో సన్నని బోలు పోగులుంటాయి. ఒకసారి తడిశాక అవి గడ్డకడితే పోగులు పగులుతాయి, చూస్తే తెలియదు, సూక్ష్మక్రిములు దాటిపోతాయి. గడ్డకట్టిన ఫిల్టర్‌ను ఇక వాడొద్దని తయారుచేసేవాళ్ళే చెబుతారు. కాబట్టి రాత్రి అది కూడా జిప్ సంచిలో పెట్టుకుని స్లీపింగ్ బ్యాగ్‌లోకే. క్లోరిన్ డయాక్సైడ్ బిళ్ళలు వాడేవాళ్ళు చల్లటి, మురికి నీటికి నాలుగు గంటలు ఆగాలని గుర్తుంచుకోండి. సీసాను రాత్రి తలకిందులుగా నిలబెడితే గడ్డ అడుగు వైపు కడుతుంది, మూత తెరుచుకుంటుంది. గొట్టంతో తాగే నీళ్ళ సంచీ ఈ కాలానికి వద్దు, ముందు ఆ గొట్టమే గడ్డకడుతుంది.

లీటరు నీళ్ళంటే కిలో. దారిలో వాగులున్నాయని మ్యాప్‌లో చూసుకుంటే లీటరున్నర చాలు. కానీ ఎండాకాలం ముగిసేసరికి చిన్న ఊటలు ఎండిపోయి ఉంటాయి, మ్యాప్‌లో నీలం గీత ఉన్నంత మాత్రాన నమ్మకండి.

తిండి

గ్రాముకు నాలుగున్నర కేలరీలు తగ్గకుండా చూసుకుంటాను. కొవ్వులో గ్రాముకు 9, పిండి పదార్థాల్లో, ప్రొటీన్లలో 4. గింజలు, నూనె ఎక్కువైతే సంచి చిన్నదవుతుంది. నాకు రోజుకు 700 గ్రాములు. పడుకునే ముందు పిడికెడు గింజలు తింటే ఒంట్లో వేడి పుడుతుంది. ఎలుగుబంట్లు తిరిగే చోట ఈ నెలల్లో అవి చలికాలపు నిద్రకు ముందు తెగ తింటాయి. తిండి వాటికి అందకుండా దాచే గట్టి డబ్బా తప్పనిసరైతే అది కిలో దాకా బరువుంటుంది, లెక్కలో ముందే వేసుకోండి.

లైటు, బ్యాటరీలు

హెడ్‌ల్యాంప్ మనసుకు నచ్చినంత తేలికది కాదు, చీకటికి సరిపడేది. నాది 80 గ్రాములు. రాలిన ఆకుల కింద దారీ కనిపించదు, రాళ్ళూ వేర్లూ కనిపించవు, కాబట్టి చీకటి పడేలోపే మకాం చేరేలా చూసుకోండి. చలికి లిథియం బ్యాటరీల సత్తువ తగ్గుతుంది, నలభై శాతం చూపించిన ఫోన్ ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఫోన్ లోపలి జేబులో, రాత్రి పవర్ బ్యాంక్‌తో సహా స్లీపింగ్ బ్యాగ్‌లో ఉండాలి. బ్యాటరీ సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే పాడవుతుంది. ముందు ఒంటి వేడికి వెచ్చబడనివ్వండి. కాగితం మ్యాప్‌కు చార్జింగ్ గొడవ లేదు, నేను ఇప్పటికీ ఒకటి పెట్టుకుంటాను.

ఏం తీసేశానంటే

మడత కుర్చీ. పెద్ద కత్తి, చిన్నది చాలు. బ్యాగుకు కప్పే వాన తొడుగు: గాలికి ఎగిరిపోతుంది, వీపు వైపు నుంచి నీళ్ళు ఎలాగూ దిగుతాయి. దాని బదులు లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ చెత్త సంచి, 60 గ్రాములు. ప్రతి వస్తువుకూ వచ్చే చిన్న సంచులన్నీ కలిపితే రెండు వందల గ్రాములు తేలాయి, అవి ఇంట్లోనే. సబ్బు, పేస్టు చిన్న డబ్బాల్లోకి. పుస్తకం మాత్రం తీసేయలేదు. పద్నాలుగు గంటల రాత్రికి ఒక పుస్తకం ఉండాలి, ఫోన్ బ్యాటరీ దానికి ఖర్చు పెట్టలేం. మా తమ్ముడు "అక్కా, రెండు వందల గ్రాముల పుస్తకం మోస్తూ నా కుర్చీని వెక్కిరిస్తావా" అంటాడు. కుర్చీ తొమ్మిది వందల గ్రాములు.

మందుల పెట్టెను మాత్రం తేలిక చేయడానికి చూడకండి. బొబ్బలకు టేపు, కట్టు గుడ్డ, నొప్పి బిళ్ళలు, మీ సొంత మందులు, అల్యూమినియం పూత ఉన్న పలుచని అత్యవసర దుప్పటి, విజిల్, అగ్గిపెట్టె, లైటర్.

సర్దే వరుస

చెత్త సంచి బ్యాగులో పరచి, అడుగున స్లీపింగ్ బ్యాగ్‌ను సంచిలో కుక్కకుండా వదులుగా నొక్కండి, మూలలన్నీ నిండుతాయి. దాని మీద రాత్రి జత, డౌన్ జాకెట్. చెత్త సంచి మూతి ఇక్కడ మెలిపెట్టి మూసేయండి. పొడిగా ఉండాల్సినవి లోపల, తడిసినా ఫర్వాలేనివి బయట. తిండి, స్టవ్, గిన్నె నడుం పైభాగంలో వీపుకు ఆనుకుని ఉండాలి. బరువు వీపుకు దూరమైతే బ్యాగు వెనక్కి లాగుతుంది. పై భాగంలో వాన బట్టలు, ఫ్లీస్, గ్లౌజులు, ఎందుకంటే బ్యాగు విప్పకుండా చేతికందాల్సినవి ఇవే. తడి టెంట్ బయటి జేబులో. బ్యాగు 50 లీటర్లది, కిలో బరువు. వెచ్చని సామాను బరువు తక్కువే గానీ చోటు ఎక్కువ తీసుకుంటుంది, 35 లీటర్ల ఎండాకాలపు బ్యాగులో కూరితే డౌన్ నలిగి ఊరుకుంటుంది.

మూడు పగళ్ళు, రెండు రాత్రులకు నా మొత్తం లెక్క: బేస్ వెయిట్ ఆరు, తిండి రెండు, గ్యాస్ క్యానిస్టర్ పావు కంటే తక్కువ, నీళ్ళు ఒకటిన్నర. పది కిలోలకు కాస్త లోపు. ముందు రోజు సాయంత్రం అన్నీ వేసుకుని ఇంటి చుట్టూ గంట నడిచి చూడండి, పట్టీ ఎక్కడ ఒరుస్తుందో తెలుస్తుంది.

తిరిగొచ్చిన రోజు ఎంత నిద్ర వచ్చినా మూడు పనులు చేసి పడుకోండి. టెంట్ విప్పి ఆరేయండి. స్లీపింగ్ బ్యాగ్ రెండు రోజులు నీడలో వేలాడదీసి, ఆ తర్వాత పెద్ద వదులు సంచిలో పెట్టండి, చిన్న సంచిలో నొక్కి నెలల తరబడి ఉంచితే ఉబ్బు తిరిగి రాదు. తర్వాత త్రాసు పక్కనున్న పుస్తకం తీసి, అసలు వాడని వస్తువుల పక్కన గీత పెట్టండి. మందులు, వాన బట్టలు, అత్యవసర దుప్పటి వాడకపోయినా గీత పెట్టకూడదు. మిగతా వాటిలో వరుసగా రెండుసార్లు గీత పడినదాన్ని మూడోసారి తీసుకెళ్ళకండి.